మా వసారాలో ఏడో తరగతి

పంచాయతీ ఎలక్షన్లలో ఓడిపోయిన వేసవిలో నేను మా అమ్మాయిని బడి మాన్పించాను. ఎనభైల మొదట్లో సంగతి. మా ఊరు గురజాలకూ మాచర్లకూ మధ్య, బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. సాగర్ కాలవ వచ్చాక పత్తి, మిరప, కాస్త వరి పండేవి. నేను నరసరావుపేటలో పి.యు.సి. దాకా చదివి, తప్పి, తిరిగొచ్చి వ్యవసాయంలో పడినవాణ్ని.

ఊళ్లో రెండు పార్టీలు. అవి పేపర్లో కనిపించే పార్టీలు కావు. ఫలానావాళ్ల పార్టీ, ఫలానావాళ్ల పార్టీ, అంతే. ఎవరు ఏ టీ బంకు దగ్గర కూర్చోవాలో, ఎవరి పెళ్లికి వెళ్లాలో, ఎవరింటికి చావుకు మాత్రమే వెళ్లాలో అందరికీ తెలుసు. పసిపిల్లలకు కూడా ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ప్రెసిడెంటు పదవికి నా మీద గెలిచినవాడు పరాయివాడు కాదు. నా భార్యకు పెదనాన్న కొడుకు. నాకు బావ, మా అమ్మాయికి మేనమామ. ఆయన కూతురూ మా అమ్మాయీ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. వరసను బట్టి ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకుంటూ, పెద్దవాళ్లలాగా నడుం మీద చెయ్యి పెట్టుకుని పోట్లాడుకునేవాళ్లు. మేం వాళ్లను చూసి నవ్వుకునేవాళ్లం. అది ఎలక్షన్లకు ముందు.

గెలిచిన సాయంత్రం వాళ్ల ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది. డప్పులు కాస్త ఎక్కువసేపు మోగాయి. రంగునీళ్లు మా గోడ మీద పడ్డాయి. ఇది ఊళ్లో మామూలే. మేం గెలిచి ఉంటే వాళ్లింటి ముందు మేమూ ఆగేవాళ్లం. నేను అరుగు మీద కుర్చీలోనే కూర్చుని చూశాను, లేచి లోపలికి వెళ్తే భయపడ్డాననుకుంటారని. ఆ గుంపులో, కొంచెం వెనకగా, బడి హెడ్మాస్టరు కనిపించాడు. ఆయన తెల్లచొక్కా మీద గులాబీ రంగు మరక ఉంది.

ఆయన అద్దెకుంటున్నది మా బావ ఇంట్లో ఒక గదిలో. ఇంటాయన గెలిస్తే అద్దెకున్నవాడు చొక్కా మీద రంగు పడకుండా ఎలా తప్పించుకుంటాడు? ఈ సంగతి ఇప్పుడు నాకు తేలిగ్గా అర్థమవుతోంది. ఆ రోజు మాత్రం డప్పులకంటే, గోడ మీద రంగుకంటే, ఆ మరకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున మా అమ్మాయి రెండు జడలకూ రిబ్బన్లు కట్టించుకుని, ఏడో తరగతి పిల్లనని కొత్త సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు బడికి పోవద్దు," అన్నాను.

"ఇయ్యాలా?"

"ఇయ్యాలా కాదు, రేపూ కాదు. నీకు చదువు నేనే చెప్తా."

పిల్ల వాళ్లమ్మ వంక చూసింది. నా భార్య పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "నీ పంతం పిల్ల మీదా చూపిచ్చేది? ఏందయ్యా ఇది?"

నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నీకేం, మీవోళ్లు గెలిచారుగా. సంతోషంగానే ఉంటదిలే నీకు," అన్నాను.

ఆమె పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. ఆమె ఓటు నాకే వేసిందని నాకు తెలుసు. పుట్టింటివాళ్ల మొహం చూడకుండా నా వెనక ఇల్లిల్లూ తిరిగిందనీ తెలుసు. అయినా ఆ ఒక్క మాటను ఆ ఏడాది పొడుగునా జేబులో పెట్టుకు తిరిగాను. ఆమె ఎప్పుడు నోరు తెరవబోయినా తీసి చూపించేవాణ్ని.

ఇంట్లో చదువు నేననుకున్నదానికంటే బాగా సాగింది. నా దురదృష్టం అక్కడే మొదలైందనుకుంటాను. మొదటి వారమే చెడిపోయి ఉంటే మానేసేవాణ్నేమో. గొడ్లపాకలో పడున్న పాత తలుపుచెక్క తెచ్చి నున్నగా రుద్దించాను. అయిపోయిన టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి, లోపలి నల్లపొడిని ఆకుపసరుతో కలిపి పూశాను. ఆరాక దాన్ని వసారాలో గోడకు ఆనించాను. నరసరావుపేట వెళ్లి ఏడో తరగతి పుస్తకాలూ, వాటికి గైడ్లూ కొనుక్కొచ్చాను. మా అమ్మ మంచం వసారాలోంచి నడవలోకి మార్పించాను. ఆమె రెండ్రోజులు సణిగి, తర్వాత మంచాన్ని గుమ్మానికి అడ్డంగా వేయించుకుని పాఠాలు వినడం మొదలుపెట్టింది.

ఇల్లంతా ఆ తలుపుచెక్క చుట్టూ సర్దుకుంది. పాలు పితకడం ముందుకు జరిగింది, ఎందుకంటే పాలగిన్నెల చప్పుడు లెక్కలకు అడ్డం. పొద్దున లెక్కలు, అన్నాలు తిన్నాక సైన్సు, సోషలు, పొద్దుగూకే ముందు ఇంగ్లీషు. నా భార్య వంట చీకటితోనే ముగించేది. వడియాలు పెట్టుకోవడానికీ, కందులు చెరుక్కోవడానికీ ఎప్పుడూ వసారానే ఆమె చోటు. ఇప్పుడు ఆ పనులన్నీ పెరట్లో ఎండలోకి పోయాయి. పిల్ల చేత చీపురు పట్టించొద్దన్నాను, నీళ్లు తోడించొద్దన్నాను. ఆ పనులు ఎవరు చేస్తారో నేను అడగలేదు. అవి అయిపోతుండేవి.

"బడికి పంపితే పొద్దున పోయి సాయంత్రం వచ్చేది," అంది నా భార్య ఒకసారి మా అమ్మతో, నాకు వినపడేలా. "ఇప్పుడు ఇల్లే బడి అయింది. నేను యాడికి పోను?"

"నువ్వు కూడా కూచోవే, రెండు ముక్కలొస్తయి," అంది మా అమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నెల మేం బాగానే ఉన్నామని ఇప్పటికీ అనుకుంటాను. పిల్ల చురుకైనది. నేను భిన్నాలు చెప్తుంటే, నేను బోర్డు మీద వేసేలోగా జవాబు చెప్పేది. చెప్పి, నేను తప్పు వేస్తే నొచ్చుకోకుండా, "అది కింద రాయాలేమో నాన్నా," అనేది. నాకు గర్వంగా ఉండేది. నా కూతురనే గర్వం కొంత, ఆ హెడ్మాస్టరు లేకపోయినా సాగుతోందనే గర్వం ఎక్కువ.

మా వసారా ఒట్టి వసారా కాదు, మా పార్టీవాళ్లు వచ్చి కూర్చునే చోటు. వాళ్లు రావడం మానలేదు. చుట్టలు ముట్టించుకుని గోడవారన గొంతుక్కూర్చుని పాఠం వినేవాళ్లు. వాళ్లందరిలో పెద్ద మా చిన్నాన్న, మా నాన్న పోయాక పార్టీని నిలబెట్టినవాడు. నన్ను ఎలక్షన్‌లో నిలబెట్టింది కూడా ఆయనే.

"ఏందిరా అబ్బాయ్, ఆ మూడు గీతలు?" అన్నాడు ఒకనాడు.

"త్రిభుజం చిన్నాన్నా."

"మూడు మూలల పొలం ఎవుడు కొంటాడురా? అమ్మాయ్, ఎకరానికి సెంట్లెన్నో చెప్పు ముందు."

"నూరు తాతా."

"సూశారా!" అన్నాడు అందరి వంకా తిరిగి. "ఆ పంతులు కాడ ఉంటే ఈ పాటికి డప్పు కొట్టడం నేర్చుకునేది."

వాళ్లు నవ్వారు. పిల్ల తల వంచుకుని పలక తుడుస్తూ కూర్చుంది. ఆ హెడ్మాస్టరంటే ఆమెకు ఇష్టమని నాకు తెలుసు. పద్యాలు రాగం తీసి చెప్తాడని ఆరో తరగతిలో ఇంటికొచ్చి అనుకరించి చూపించేది. నేను చిన్నాన్నను ఆపలేదు. ఆపకపోగా నవ్వాను.

ఆ నవ్వులోంచే తర్వాతి తప్పు పుట్టింది. చిన్నాన్న మా పార్టీవాళ్లందరితో పిల్లల్ని మా వసారాకే పంపమన్నాడు. నేను అడగలేదు, వద్దని కూడా అనలేదు. వారం తిరిగేసరికి వసారా నిండింది. ఒకటి నుంచి ఏడు దాకా అన్ని తరగతులవాళ్లూ ఉన్నారు. ముక్కు కారేవాళ్లు, ఓనమాలు రానివాళ్లు, చంకన తమ్ముణ్ని ఎత్తుకొచ్చేవాళ్లు. నేను చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే మా అమ్మాయి వెనక గోడకానుకుని తన పుస్తకం తనే చదువుకునేది. కొన్నాళ్లకు చిన్నవాళ్లకు ఎక్కాలు చెప్పే పని ఆమెకే అప్పగించాను. ఆమె చదువు కోసం మొదలుపెట్టిన చదువులో ఆమెకు చదువు లేకుండా పోయిందని నాకు తోచలేదు. తోచినా పైకి ఒప్పుకునేవాణ్ని కాదు.

అంతలో పత్తికి పురుగు తగిలింది. పల్నాట్లో పత్తి వేసినవాడికి ఆ రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పొద్దున స్ప్రేయరు వీపున వేసుకుంటే మధ్యాహ్నానికి తల దిమ్ముగా ఉండేది. ఇంటికొచ్చి స్నానం చేసినా మందు వాసన పోయేది కాదు. వసారాలో పిల్లలు వచ్చి, కూర్చుని, కొట్టుకుని, వెళ్లిపోయేవాళ్లు. మా అమ్మాయి ఒక్కతే పుస్తకం తెరిచి నా కోసం చూస్తుండేది.

"నాన్నా, ఇయ్యాల బడుందా?"

"రేపు చెప్తాలేమ్మా."

ఆ రేపుల్లో సైన్సు ఆగిపోయింది. ఇంగ్లీషు అంతకుముందే ఆగింది. నిజం చెప్పాలంటే ఇంగ్లీషు ఆగింది పురుగు వల్ల కాదు. పాఠం చదివి అర్థం చెప్పగలిగాను గానీ, ఆమె అడిగే 'ఎందుకు'లకు నా దగ్గర జవాబులు లేవు. ఒకరోజు ఒక వాక్యం గురించి మూడోసారి అడిగితే చెంప మీద కొట్టాను. కొట్టింది ఆమెకు రాలేదని కాదు, నాకు రాలేదని. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఏడవలేదు, పుస్తకం మూసి, "రేపు చూద్దాంలే నాన్నా," అంది. నన్ను ఓదార్చినట్టుగా అంది.

పత్తి తీతలు మొదలయ్యేసరికి వసారా ఖాళీ అయింది. పిల్లలు పత్తి తియ్యడానికి పోయారు. తీతలు అయ్యాక కొందరు మళ్లీ రాలేదు. వాళ్లు చప్పుడు చెయ్యకుండా ఊళ్లో బడికే తిరిగి వెళ్లారని మా అమ్మ చెప్పింది. కూలికి పోయే ఇళ్లు అవి. వాళ్లకు రెండు పార్టీల పొలాల్లోనూ పని కావాలి. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. చిన్నాన్న మనవణ్ని మాత్రం నరసరావుపేటలో కాన్వెంటు హాస్టల్లో వేశారు.

"మావోడు టై కట్టుకుంటాడంటరా," అన్నాడు చిన్నాన్న మురిసిపోతూ.

"మరి మా పిల్ల సంగతేంది చిన్నాన్నా? ఇది ఏడో తరగతి. కామన్ పరీక్ష ఉందిగా."

"దానికేంది, నువ్వున్నావుగా. పి.యు.సి. చదివినోడివి. అయినా ఆడపిల్లకి ఇంకెంత కావాల?" చుట్ట నోట్లోంచి తీశాడు. "ఒరే, ఇది మాత్రం ఇను. కూలోళ్ల పిల్లలు పోయారంటే అది యేరు. నీ కూతురు ఆ బడి మెట్లెక్కిందంటే నువ్వు మీ బావ కాళ్ల మీద పడ్డట్టే. నువ్వొక్కడివే కాదు, మనమందరం పడ్డట్టే."

అప్పుడు తెలిసింది నాకు, బడి మాన్పించింది నేనే అయినా మళ్లీ పంపడం నా చేతిలో లేదని. అలా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే చేతిలోనే ఉంది. నా ఇంటి నుంచి బడి దాకా నడిస్తే ఒక చుట్ట కాలేలోపు వెళ్లొచ్చు.

హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చింది ఆ చలికాలంలోనే. ముందు గుమ్మం నుంచి రాలేదు. పెరటి వైపు నుంచి, గొడ్లపాక పక్కగా వచ్చి నిలబడ్డాడు. నా భార్య స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మాయి పేరు నేను కొట్టెయ్యలేదండీ," అన్నాడు. "ఎట్టాగో నెట్టుకొస్తున్నా. కామన్ పరీక్షకు పేర్లు పంపించే టైమొచ్చింది. ఇనస్పెక్టరుగారు సోమవారం తనిఖీకొస్తారు. ఆ రోజు పిల్ల బెంచీ మీద కనపడాలి. తర్వాత పరీక్షల దాకా రావాలి. అంతే నేనడిగేది."

"వినుకొండలో మా అక్క ఉంది. ఆడ చేర్పిస్తే?" అంది నా భార్య.

"ఏడు కదమ్మా. పరీక్షల ముందు ఏ బడివాళ్లూ చేర్చుకోరు." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ రోజు రంగు... పిల్లలు చల్లారండీ. ఆ రాత్రి వాళ్ల విందు భోజనానికి కూడా నేను పోలా."

ఆయన చెప్పింది నమ్మాను. నమ్మిన కొద్దీ సిగ్గేసింది. ఆయన నా కంటే పెద్దవాడు. నా కూతురి కోసం గొడ్లపాక పక్కన నిలబడి నాకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు.

"సోమవారం తీసుకొస్తా మాస్టారూ," అన్నాను.

ఆయన వెళ్లాక నా భార్య నా కంచంలో వేడన్నం పెట్టి, ఎన్నో నెలల తర్వాత నా ఎదురుగా కూర్చుంది. మా అమ్మాయి లోపల్నుంచి అంతా విన్నది. ఆ శని, ఆదివారాలు ఆమె చేసిన పని అంతా ఒకటే. పుస్తకాలకు అట్టలు వేసింది, విప్పింది, మళ్లీ వేసింది.

సోమవారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. చిన్నాన్న ఇంటి ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి తీసుకెళ్లాను. ఆ సందు పట్టినప్పుడే నేను సగం ఓడిపోయాను. పిల్ల నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది, నేను ఎక్కడ వెనక్కి తగ్గుతానోనని మాటిమాటికీ తిరిగి చూస్తోంది.

బడి వరండాలో మా బావ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇనస్పెక్టరు వస్తున్నాడంటే ప్రెసిడెంటు ఉండాలి కదా. ఆ సంగతి నాకు ముందే తోచాల్సింది. ఆయన చుట్టూ వాళ్ల పార్టీవాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నన్ను చూసి మాటలాపారు. బావ లేచి నిలబడ్డాడు. మెట్ల దాకా వచ్చాడు.

"రా బావా, రా. పిల్లల చదువు కాడ మనకేంది పార్టీలు? ఏమ్మా, చిక్కిపోయావేందే? మీ నాన్న అన్నం కూడా తనే వండి పెడతన్నాడా?" తర్వాత లోపలికి కేకేశాడు, "ఒమే, మీ వదినొచ్చింది, సూడు!"

తరగతి గదిలోంచి ఆయన కూతురు తల బయటికి పెట్టింది. మా అమ్మాయిని చూసి, లోపలికి పరిగెత్తి, బెంచీ మీద పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటు మీద చేత్తో తట్టింది. అదంతా తలుపులోంచి కనపడుతూనే ఉంది. మా అమ్మాయి అప్పటికే చెప్పులు విడిచి ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

ఎవరైనా ఒక్క మాట ఎగతాళిగా అని ఉంటే, దాన్ని పట్టుకుని ఇన్నేళ్లూ బతికేవాణ్ని. ఎవరూ అనలేదు. వాళ్లలో ఒకడు నాకు కూర్చోమని కుర్చీ కూడా జరిపాడు. బావ మొహంలో గెలిచినవాడి నవ్వు కోసం వెతికాను. ఉన్నది మామూలు నవ్వు. చిన్నప్పుడు కాలవలో ఈతకు పిలిచినప్పటి నవ్వు. ఆ మంచితనం నేను మోయలేకపోయాను. రేపు చిన్నాన్న ముందు, గోడవారన కూర్చునేవాళ్ల ముందు ఈ కుర్చీ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. వాళ్ల దయ వల్ల నా కూతురు చదివిందనిపించుకోవాలి. అప్పుడు నాకు తట్టింది అంతే.

"ఊరికే ఇటుగా పోతా ఆగాం," అన్నాను.

బావకు అర్థం కాలేదు. "ఏందీ?"

"పద," అన్నాను పిల్లతో.

ఆమె కదల్లేదు. మెట్టు మీద కాలు తియ్యలేదు. నేను మణికట్టు పట్టుకున్నాను. లాగాను. లాగితే వచ్చింది. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి, "అయ్యా, అయ్యా," అంటున్నాడు. నేను వెనక్కి తిరగలేదు. ఈసారి వెనక సందులోంచి కాదు, నడిబజారులోంచే వచ్చాను. చిన్నాన్న అరుగు మీంచి చూశాడు. అంతా ఆయనకు అప్పటికే తెలిసిపోయినట్టుంది, తల పంకించాడు. ఆ తల పంకింపు నాకు బాగుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. వట్టికాళ్లతో ఎండలో నా పక్కన నడుస్తున్న పిల్ల ఏమనుకుంటోందో చూడకుండా, ఆ తల పంకింపుకు లోపల్లోపల పొంగాను.

ఇంటికొచ్చాక నా భార్య నా వంక చూసింది, పిల్ల కాళ్ల వంక చూసింది. "నేను తీసుకుపోతా," అంది, కొంగు నడుముకు చెక్కుతూ.

నేను మళ్లీ ఆ పాత మాటే తీశాను. "పో. మీ వోళ్లే కదా. అటే పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

ఆమె గడపలో చాలాసేపు నిలబడింది. వెళ్లలేదు. వెళ్లనందుకు ఆమెను తప్పు పట్టినవాళ్లు తర్వాత కొందరున్నారు. నేను అన్న మాట విననివాళ్లు వాళ్లు. పరీక్షకు పేర్లు మా అమ్మాయి పేరు లేకుండానే వెళ్లిపోయాయి. హెడ్మాస్టరు మళ్లీ రాలేదు. చెప్పులు ఎవరో మా గేటు దగ్గర పెట్టి వెళ్లారు.

ఎండలు ముదిరాక పరీక్షలు జరిగాయి. ఊళ్లో ఏడో తరగతి పిల్లలు పరీక్షకు గురజాల వెళ్లాలి. మా బావ ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిపించి వాళ్లను పంపించేవాడు. ట్రాక్టరు మా ఇంటి ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. ఆ శబ్దం వినపడగానే నేను పొలానికి బయల్దేరేవాణ్ని.

మొదటి రోజు సాయంత్రం తిరిగొచ్చేసరికి మా అమ్మాయి వసారాలో కూర్చుని రాస్తోంది. పక్కన తెలుగు ప్రశ్నపత్రం. మేనమామ కూతురు గోడ మీంచి విసిరి వెళ్లిందట. మర్నాడు ఇంకొకటి వచ్చింది. అన్ని పరీక్షలూ అలాగే రాసింది. ఎవరూ కాపలా లేరు, పుస్తకాలు పక్కనే ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదని మా అమ్మ చెప్పింది. చివరి రోజు కాగితాలన్నీ కుట్టి నా ముందు పెట్టింది.

"దిద్దు నాన్నా."

నేను దిద్దాను. లెక్కలు దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. సోషలు నేను చెప్పనే లేదు, ఆ పాఠాలు కూడా రాసింది. ఇంగ్లీషు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఏది తప్పో ఏది ఒప్పో నాకు తెలియలేదు. గైడు తీసి చూడబోతే ఆమె చూస్తోంది. అలాగే పక్కన పెట్టాను.

"పాసయ్యానా?"

"పాసయ్యావమ్మా. మంచి మార్కులతో పాసయ్యావు."

"అయితే గురజాల హైస్కూల్లో ఎనిమిదికి చేర్చుకుంటారా?"

నేను కుట్టిన కాగితాలు మూసి ఆమె వైపు జరిపాను.

"నువ్వు చెప్తే ఒప్పుకోరేమో కదా," అంది. కోపంగా కాదు, పాఠంలో సందేహం అడిగినట్టే అడిగింది. కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లింది. జూన్‌లో మా బావ కూతురు గురజాల బస్సెక్కింది. వచ్చే ఏడు పరీక్షకు ప్రైవేటుగా కట్టిస్తానని నేను అన్నాను, గురజాల వెళ్లి కనుక్కున్నాను కూడా. అప్పటికి మా అమ్మాయి పెద్దమనిషైంది. మా అమ్మ మంచం మళ్లీ వసారాలోకి వచ్చింది. కట్టిద్దామా అని అడిగితే, "వద్దులే నాన్నా, మర్చిపోయా," అంది. మర్చిపోలేదని నాకు తెలుసు. పక్కింటి పిల్లలకు లెక్కలు ఆమే చెప్పేది. బలవంతం చేసే హక్కు నాకు లేదనిపించింది. బలవంతం చెయ్యాల్సిన చోట హక్కు గుర్తొచ్చింది, చెయ్యకూడని చోట గుర్తు రాలేదు.

ఎనభైలు ముగియకముందే పెళ్లిసంబంధం వచ్చింది. పెళ్లిచూపుల రోజు బావ కూడా వచ్చాడు, మేనమామ లేకుండా ఎలా? చిన్నాన్న ఆయన పక్కనే మంచం మీద కూర్చున్నాడు. మధ్యలో ఇంకో ఎలక్షను వచ్చి వాళ్లిద్దరూ ఒకటైపోయారు. ఇద్దరూ కలిసి నవ్వుకుంటూ పిల్లవాడి తండ్రితో వానల సంగతి మాట్లాడుతున్నారు.

"అమ్మాయి ఎంతదాకా చదివింది?" అని అడిగారు మగపెళ్లివారు.

"ఏడు," అన్నాను నేను.

మా అమ్మాయి కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని అప్పుడే వచ్చింది. పళ్లెం వాళ్ల ముందు పెట్టి, కొంగు సర్దుకుంది.

"ఆరండీ," అంది. "ఏడులో బడికి పోలేదు."

"నిజాయితీ గల పిల్ల," అంది పెళ్లికొడుకు తల్లి మెచ్చుకోలుగా. బావ నవ్వాడు. చిన్నాన్న నవ్వాడు. అందరూ గ్లాసులు అందుకున్నారు. పిల్ల నాకు కూడా ఒకటి ఇచ్చింది. తీసుకున్నాను. వేడిగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.